చుక్క పెట్టమన్నది నేనే

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు మణికొండలోని మా ఫ్లాటుకు వచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కాలేజీ వాళ్ళిచ్చిన లెక్కల పని ఏదో చేసుకుంటూ ఉన్నట్టుండి విసుక్కుంది. ఏమైందే అని కళ్ళజోడు సవరించుకుని వంగి చూద్దును కదా, తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఒక వరుస. అంకెలుగా మార్చమన్నావు గాని ఇందులో అంకె కానిదేదో ఉంది, దాన్ని ఖాళీ కింద వదిలేశాను, చూసుకో అని దాని సారాంశం. వెతికితే, వందల గడుల మధ్య ఎక్కడో, అంకె ఉండాల్సిన చోట ఒట్టి చుక్క ఒకటి కనిపించింది. "ఇంత చిన్నదానికి ఊరికే అరుస్తుందత్తా ఇది" అంది పిల్ల. నేను చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ అరుపు పాతికేళ్ళ కిందట ఒక్కసారి వినిపించి ఉంటే నా బతుకులో ఒక శుక్రవారం వేరేగా గడిచేదని దానికి ఏమని చెప్పను?

మీలో నా ఈడు వాళ్ళకు చెబితే అర్థమవుతుంది. కర్నూలులో ఒక కాలేజీలో పదకొండేళ్ళు స్టాటిస్టిక్స్ పాఠం చెప్పి, చేత్తో తిప్పే లెక్కల యంత్రం పిడి తిప్పి తిప్పి కుడి భుజం అరగదీసుకుని, మా వారికి హైదరాబాదు బదిలీ అయితే ఆ ఉద్యోగం వదులుకుని వచ్చిన దాన్ని నేను. మెహదీపట్నంలో కిరాయి ఇంట్లో సంసారం దించాక, ముప్పై నాలుగేళ్ళ వయసులో, నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళందరూ దొరల్లా కుర్చీల్లో గిర్రున తిరుగుతున్న ఒక కంప్యూటర్ కంపెనీలో కొత్త ఉద్యోగిగా చేరాను. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం అప్పుడప్పుడే లేచిన రోజులవి. మా కంపెనీకి అందులో చోటు సంపాదించే తాహతు లేదు గాని, మా మేడ పై అంతస్తు కిటికీలోంచి అది నిండుగా కనిపించేది. దాని చుట్టూ ఉన్నవన్నీ బండలు, సీతాఫలం పొదలు, ఎర్రదుమ్ము. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు బండలు పేల్చేవారు. ముందు ఎవరో ఎర్రజెండా ఊపుతూ ఈల వేసేవారు, ఆ ఈల వినగానే మేం ముగ్గురు నలుగురం లేచి కంప్యూటర్ తెరలను చేత్తో పట్టుకునేవాళ్ళం, తర్వాత దడేలుమని ఒక్క చప్పుడు, కిటికీ అద్దాలు గలగలలాడటం, మళ్ళీ అందరం ఏమీ ఎరగనట్టు పనిలో పడటం. చేరిన వారానికే అలవాటైపోయింది.

మా మేనేజరు గారు కాకినాడ వైపు మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు, అండి అనడం మానేవారు కాదు, అందుకే ఆయనంటే అందరికీ హడలు. మా పని, వేరే వాళ్ళు పోగుచేసిన సమాచారాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, లెక్కలు కట్టి, రిపోర్టు రాసివ్వడం. ఆ యేడు మాకు దొరికిన పెద్ద పని, పల్లెల్లో గర్భిణీలకు రక్తం పట్టే మాత్రలు పంచే ఒక స్వచ్ఛంద సంస్థది. ఒక్కో తల్లికీ ఒక్కో అట్ట కార్డు, కార్డు మీద ఇరవై నాలుగు వారాలకు ఇరవై నాలుగు గళ్ళు, మాత్రలు వేసుకున్న వారానికి ఒక టిక్కు, చివర రక్తపరీక్ష ఫలితం. ఎక్కువ వారాలు మాత్రలు వేసుకున్న తల్లికి రక్తం ఎక్కువ పట్టిందా లేదా అన్నదొక్కటే వాళ్ళ ప్రశ్న. పట్టకపోతే మాత్రలు ఆపేసి మరో దారి చూద్దామని వాళ్ళ ఆలోచన.

సరిగ్గా ఆ సమయానికే మా దగ్గరున్న, లెక్కలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ లైసెన్సు గడువు తీరిపోయి తెరుచుకోవడం మానేసింది. అప్పుడు నేను నోరు విప్పాను. గచ్చిబౌలి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న మా మరిది కొన్ని ఫ్లాపీల్లో నాకొక కొత్త ప్యాకేజీ తెచ్చిచ్చి ఉన్నాడు. దాని పేరు ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం, ఆర్. భూగోళానికి అడుగున ఎక్కడో ఉన్న దేశంలో నాలాంటి పంతుళ్ళు ఇద్దరు మొదలుపెట్టారట, తర్వాత దేశదేశాల వాళ్ళు తలో చెయ్యీ వేశారట, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు, కావాలంటే లోపల రాసిందంతా విప్పి చూసుకోవచ్చు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు నా కోసం ఇంత పని చేసి పెట్టారా అని నాకు మొదటి రోజు కళ్ళు చెమర్చాయంటే నవ్వకండి. తాళం వేసిన పెట్టెలు మాత్రమే చూసిన కాలం మనది.

మేనేజరు గారు మాత్రం కరగలేదు. "ఊరికే వచ్చినదాన్ని నమ్ముకుని రిపోర్టు పంపేద్దామంటారా అండి?" అని అందరి ముందూ అడిగారు. నాకు చురుక్కుమంది. పదకొండేళ్ళు పాఠం చెప్పిన దాన్ని, దానికి పూచీ నాది అని అందరి ముందే జవాబిచ్చాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నా పొగరంతా ఆ మాటలోనే ఉంది.

టైపు చేసే అమ్మాయిది మా మేడకు అవతల ఉన్న బస్తీయే. మా ఆఫీసు కట్టిన నేల ఒకప్పుడు ఆమె అత్తగారు జొన్నలు వేసిన చేను. పొలాలు పోయాక ఆ ఇంట్లోంచి ఆఫీసు మెట్లెక్కిన మొదటి మనిషి ఈమె. పదో తరగతి, టైపు లోయరు. కోడలు ఉద్యోగానికి పోవడం మామగారికి సుతరామూ ఇష్టం లేకపోతే, ఆరు నెలల్లో పర్మినెంటు చేయకపోతే మానేస్తానని మాటిచ్చి వచ్చిందట. ఆ ఆరు నెలలూ రిపోర్టు పంపే వారంతో నిండుతాయి, ఆ పై సోమవారం పర్మినెంటు ఆర్డరు చేతికి రావాలి. మాది ఒకటే పద్ధతి. కార్డు మీది టిక్కులు లెక్కపెట్టి నేను బయటికి చదవాలి, ఆమె కార్డు వైపు చూడకుండా చెవితోనే కొట్టుకుంటూ పోవాలి. పన్నెండు, ఏడు, ఇరవై, తొమ్మిది. టిక్కులు పెట్టడమే మరిచిన కార్డు వస్తే నేను 'చుక్క' అనేదాన్ని, ఆమె చుక్క కొట్టేది. పాత ప్యాకేజీలో ఖాళీకి గుర్తు చుక్కే. కొత్తదానికి అది కుదురుతుందో లేదో కనుక్కోవాలన్న ఊహే నాకు రాలేదు, అప్పటికే నోటికి పట్టిన మాట అది. చదివి చదివి నా గొంతు బొంగురుపోతే, వేడినీళ్ళు తాగు అక్కా అని ఫ్లాస్కు నా వైపు జరిపేది. తోడబుట్టిన ఆడపిల్ల లేని నాకు ఆ పిలుపు ఎంత బాగుండేదో చెప్పలేను.

రిపోర్టు సోమవారం వెళ్ళింది. వారాలకూ రక్తానికీ సంబంధమేమీ కనిపించలేదని తేల్చి రాశాను. రాస్తున్నప్పుడు మనసుకు కష్టంగానే ఉంది గాని, మన ఇష్టాయిష్టాలతో లెక్కకు పనేమిటని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. శుక్రవారం ఉదయం పదింటికి ఆ సంస్థ నుంచి ఫోను వచ్చింది. మేనేజరు గారు మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచి, రిపోర్టు చివరి పేజీ మా ముందు పెట్టి, పెన్సిలుతో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టారు. మాత్రలు వేసుకున్న వారాలు, అత్యధికం, ఇరవై ఐదు.

కార్డు మీద ఉన్నవి ఇరవై నాలుగు గళ్ళు. అక్కడే వాళ్ళకు అనుమానం వచ్చిందట, మీ టైపే ఇలా ఉంటే మీ లెక్కను ఎలా నమ్మమంటారని అడిగారట. నిజం చెప్పాలంటే ఆ ఇరవై ఐదును పంపే ముందు నేనూ చూశాను. పల్లెల్లో కార్డులు నింపే కార్యకర్త ఎవరో గడి పక్కన అదనంగా టిక్కు పెట్టి ఉంటుందిలే అనుకుని పేజీ తిప్పేశాను. మేనేజరు గారి చూపు నా మీద వాలనే లేదు, తిన్నగా ఆ అమ్మాయి మీదికి పోయింది. ఆమె మొహం పాలిపోయింది గాని మాట తడబడలేదు. "కార్డు మీద ఇరవై నాలుగే గళ్ళుంటయి సార్. లేని గడి నేనెట్ల కొడ్త?" అంది. ఆయన అంతే నెమ్మదిగా, కొట్టినవి మీ వేళ్ళే కదమ్మా అన్నారు. సాయంత్రం నాలుగింటికి ఆ సంస్థ వాళ్ళ మీటింగు, ఈలోగా తప్పు ఎక్కడ జరిగిందో ఫ్యాక్సు వెళ్ళాలి, తప్పు చేసినవారు సోమవారం నుంచి ఈ ఆఫీసులో ఉండరని ఫోనులో మాట కూడా ఇచ్చేశారు.

ఆమె కార్డుల కట్టలన్నీ ముందేసుకుని కూర్చుంది. చదివేవాళ్ళు లేరు, తనే ఒక్కో టిక్కూ వేలితో లెక్కపెట్టుకుంటూ తెర వైపు చూసుకుంటోంది. నేను నా కుర్చీలోకి వెళ్ళి, ఆమె టైపు చేసిన అంకెలను ఒక వరుసలోనూ, లెక్కకు ముందు ప్యాకేజీ మార్చి పెట్టుకున్న అంకెలను పక్క వరుసలోనూ అచ్చువేయమన్నాను. ప్రింటరు ఆమె పక్కనే ఉండేది. గరగరమని కాగితం బయటికొచ్చాక, ఎప్పటిలాగే ఆమే చింపి తెచ్చి నా బల్ల మీద పెట్టి, మళ్ళీ కార్డుల దగ్గరికి పోయింది. గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

ఎడమ వరుసలో తొమ్మిది. దాని ఎదుట ఇరవై ఐదు. మూడుకు ఎదుట పంతొమ్మిది. ఇరవైకి ఎదుట పద్నాలుగు. చుక్కకు ఎదుట ఒకటి.

జరిగింది ఇది. ఆ వరుసలో అంకెల మధ్య చుక్క కనబడగానే, ఇవి అంకెలు కావు, పేర్లు అనుకుంది ఆ ప్యాకేజీ. హాజరుపట్టీలో పిల్లల పేర్లను అక్షరక్రమంలో రాసి నంబర్లు వేస్తాం చూడండి, అలా ఇరవై నాలుగు అంకెలనూ చుక్కనూ పేర్చి ఒకటి నుంచి ఇరవై ఐదు దాకా వరుసగా నంబర్లు వేసుకుంది. ఆ క్రమంలో చుక్క అన్నిటికంటే ముందు, ఒకటితో మొదలవుతుంది కనుక పది రెండుకంటే ముందు, తొమ్మిది అన్నిటికంటే చివర. అంకెలుగా మార్చమని నేనడిగితే కిమ్మనకుండా ఆ హాజరు నంబర్లు తీసి ఇచ్చింది. మూడు వారాలు వేసుకున్న తల్లి పంతొమ్మిది వారాల మనిషైపోయింది, ఇరవై వారాలు ఓపిగ్గా మింగిన తల్లి వెనక్కి పోయింది. మార్చిన అంకెలు కూడా ఒకటికీ ఇరవై ఐదుకూ మధ్యే ఉండటం వల్ల చూడటానికి అన్నీ సబబుగానే ఉన్నాయి. అరుపు లేదు, ఎర్ర అక్షరాలు లేవు. వాడుక వివరించే పేజీ తెరిచి చూస్తే, ఇలా జరుగుతుంది జాగ్రత్త అని అందులో రాసే ఉంది. ఊరికే ఇచ్చిన వాళ్ళు అది కూడా రాసి పెట్టారు. చదవనిది నేను.

లేచి మేనేజరు గారి గదిలోకి వెళ్ళాలి. పది అడుగులు కూడా లేవు. నేను లేవలేదు. అందరి ముందూ పూచీ నాది అన్న మాట చెవుల్లో మోగుతోంది. ఉద్యోగం పోతే మళ్ళీ ఈ వయసులో ఎవరిస్తారన్న భయం, మొన్నటిదాకా కాలేజీలో నాకు నమస్కారం పెట్టిన పిల్లల ఈడు కుర్రకారు నవ్వుతారన్న సిగ్గు, ఆమెకు కార్డుల్లో ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా, అప్పుడు నాది అందులో కలిసిపోదా అన్న నీచమైన ఆశ కూడా, దాచుకోవడం ఎందుకు, ఉంది. ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాను.

ఒంటిగంటకు ఈల వినబడింది, తెరలు పట్టుకున్నాం, అద్దాలు గలగలలాడాయి. ఎప్పటిలాగే ఇద్దరం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పాం. జొన్నరొట్టె తుంచింది గాని నోట్లో పెట్టుకోలేదు ఆమె. "ఒక్క తప్పు గూడ దొర్కలే అక్కా. గదే ఫికరైతుంది. దొర్కితే నాదే అని ఊకుంటుంటి" అంది. నేను అన్నం ముద్ద మింగాను. ఎలా మింగానో ఇప్పటికీ తెలియదు. సోమవారం పొద్దున మామ అడిగితే ఏం చెప్పాలో అని తనలో తను అనుకున్నట్టు అంటే, ఏదో ఒకటి అవుతుందిలే అని ఓదార్చాను కూడా. ఆ ఓదార్పును మాత్రం నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

మూడింటికి మేనేజరు గారు స్వయంగా ఒక కాగితం పట్టుకొచ్చారు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది, కింద సంతకానికి గీత గీసి ఉంది. ఆమె అక్షరాలు కూడబలుక్కోగలదు గాని అంత ఇంగ్లీషు అర్థం కాదు. కాగితం అటూ ఇటూ తిప్పి, మా పద్ధతి ప్రకారమే, నా వైపు జరిపింది. "జర చదువున్రి అక్కా."

చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు వాక్యం చూసి తెలుగులో చెబుతున్నాను, ఆమె వింటోంది, అలవాటు చొప్పున ఆమె వేళ్ళు బల్ల అంచు మీద మెల్లగా కదులుతున్నాయి. మీకు పంపిన రిపోర్టులో పొరపాటు దొర్లినందుకు చింతిస్తున్నాము. ఆమె వేళ్ళు కదిలాయి. కార్డుల నుంచి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు అజాగ్రత్త వల్ల ఈ పొరపాటు జరిగింది. వేళ్ళు ఆగాయి. ఇందుకు పూర్తి బాధ్యత నాది. అంతవరకు చదివి నేనూ ఆగిపోయాను. ఆమె గీత దగ్గర కలం ఆనించి, ఇక్కడేనా అన్నట్టు నా మొహంలోకి చూసింది. కొన్ని నెలలుగా నా నోటి నుంచి ఏది వస్తే అది, ఒక్కసారి కూడా ఎందుకని అడక్కుండా కొట్టిన మనిషి.

కలం ఆమె చేతిలోంచి లాగేసుకున్నాను. "టైపులో తప్పు లేదండి. చుక్క పెట్టమన్నది నేనే" అన్నాను. సొరుగులోంచి కాగితం తీసి, మడత విప్పి, తొమ్మిదీ ఇరవై ఐదూ చూపించి, జరిగినదంతా చెప్పాను. మేనేజరు గారు నిలబడే ఆ రెండు వరుసలూ కిందిదాకా చదివారు. ఆయన తిడితే బాగుండుననిపించింది. చదవడం అయ్యాక తలెత్తి ఒక్కటే అడిగారు. "ఇది ఎప్పుడు కనుక్కున్నారండి?"

ఇప్పుడేనండి అన్నాను.

ఆ కాగితాన్ని ప్రింటరు నుంచి చింపి నా బల్ల మీద పెట్టిన మనిషి నా పక్కనే నిలబడి ఉంది. నా వైపు ఒకసారి చూసింది. తల వంచుకుని, చెల్లాచెదురుగా ఉన్న కార్డులను కట్టలుగా సర్దడం మొదలుపెట్టింది.

తర్వాతదంతా చకచకా అయిపోయింది. చుక్కల సంగతి తేల్చి మళ్ళీ లెక్క కడితే, వారాలు పెరిగేకొద్దీ రక్తం పెరిగినట్టు స్పష్టంగా తేలింది. నాలుగింటికి పది నిమిషాల ముందు నా పేరుతో, నా సంతకంతో ఫ్యాక్సు వెళ్ళింది. మాత్రలు ఆపలేదు వాళ్ళు. నన్ను తీసేస్తారనే అనుకున్నాను, ఫోనులో ఇచ్చిన మాట ఏమైందో మేనేజరు గారు ఎన్నడూ చెప్పలేదు. ఇకమీదట నా లెక్క ఏదైనా మరొకరు సరిచూడకుండా గడప దాటకూడదని మాత్రం అన్నారు. ఆ మరొకరు ఎవరంటే ఆ అమ్మాయినే చూపించారు. ఆ ప్యాకేజీ వాడేవాళ్ళు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే ఈమెయిల్ జాబితా ఒకటుండేది, దానికి నా గోడు రాస్తే మర్నాటికల్లా ఎవరో అపరిచితుడు, మీరొక్కరే కాదు, మేమందరం ఏదో ఒక రోజు ఇందులో పడ్డవాళ్ళమే, ముందు అక్షరాలుగా మార్చి ఆ తర్వాత అంకెలుగా మార్చండి అని ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. నా తప్పులో సగానికే జవాబు అది.

సోమవారం ఆమె చేతికి ఆర్డరు వచ్చింది. నేను స్వీటు పెట్టె పట్టుకుని వెళ్ళి అభినందిస్తే రెండు చేతులతో అందుకుని, "సంతోషం మేడం" అంది. పక్కన ఎవరో ఉన్నారని అలా అందేమో అనుకున్నాను. కాదు. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా కలిసి పనిచేశాం, నా లెక్కల్లో ఆమె పట్టిన తప్పులకు లెక్కలేదు, గొంతు బొంగురుపోతే ఫ్లాస్కు ఎప్పటిలాగే నా వైపు జరిగేది, కాని మేడం మేడమే. ఆ పన్నెండున్నర సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. నేనే చెప్పేద్దామని ఎన్నిసార్లు డబ్బా మూత పట్టుకుని కూర్చున్నానో. రేపు చెబుదాం అనుకుంటూనే ఆమె వేరే ఆఫీసుకు వెళ్ళిపోయింది.

ఈ మధ్యనే ఒకసారి కనబడింది, రాయదుర్గం మెట్రో మెట్ల దగ్గర. మెడలో గుర్తింపు కార్డు, జుట్టు అక్కడక్కడా నెరిసింది, ఏదో పెద్ద ఆఫీసులో ముప్పై మందికి పైఅధికారిగా ఉందట. తనే నన్ను గుర్తుపట్టి ఆగి, నా మోకాళ్ళ నొప్పి దాకా అన్నీ అడిగింది, లిఫ్టు దాకా చెయ్యి పట్టుకుని నడిపించింది. "బాగున్నరా మేడం" అన్న పలకరింపులో ఎంత ప్రేమ ఉందో అంత దూరమూ ఉంది. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా పాత పిలుపు కోసం పిచ్చిదానిలా ఎదురుచూశాను.

ఆ బండలిప్పుడు ఒక్కటి మిగల్లేదు. ఒంటిగంట ఈల ఎక్కడినుంచి వినబడేదో చూపిద్దామన్నా అద్దాల మేడల మధ్య దిక్కు తెలియదు. కార్డు చదివేవాళ్ళూ లేరు, విని కొట్టేవాళ్ళూ లేరు, అంకెలన్నీ వాటంతటవే ఎక్కుతున్నాయట. మా పిల్ల ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ ఆ ప్యాకేజీయే, అది కూడా మారింది. దాన్ని చూసుకునే వాళ్ళు ఏళ్ళ తరబడి వాదించుకుని, అంకెల మధ్య చుక్క కనబడితే వరుసంతా పేర్లనుకునే ఆ పాత అలవాటును కొన్నేళ్ళ కిందట మాన్పించారని మా పిల్లే చెప్పింది. ఇప్పుడు దాని మానాన అది అరుస్తుంది. నా కాలంలో నా పక్కన అరిచే యంత్రం లేదు, లేని గడి నేనెట్ల కొడతానని అడిగిన మనిషి ఒకతె ఉండేది, ఆమె మాటను కూడా నేను వినిపించుకోలేదు.

కాఫీ చల్లారిపోయింది. ఈ ఎర్ర అక్షరాలు కనబడకుండా చేసే మాట ఒకటుందత్తా, రాసేస్తే నోరు మూసుకుంటుంది అంటూ మా పిల్ల కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. నేను ఆ వేళ్ళ మీద చెయ్యి వేసి ఆపాను. వద్దులే అమ్మా, దాన్ని అరవనీ అన్నాను.